కోతుల గుట్ట చెప్పిన తప్పుడు పాఠం



1925లో లండన్ జూలో రాళ్ల గుట్ట కట్టి సుమారు 100 హమద్రియాస్ బబూన్లను వదిలారు. వాటిలో ఆడవి ఆరే. రెండేళ్లకు ఇంకో 30 ఆడవాటిని తెచ్చారు. వాటికోసం మగవి కొట్టుకున్నాయి, చాలా చచ్చిపోయాయి. ఇది చూసి సోలీ జుకర్‌మన్ 1932లో పుస్తకం రాశారు. కోతుల స్వభావమే ఇంత అని చాలామంది నమ్మేశారు.

1960లలో హన్స్ కుమ్మర్ ఇథియోపియా వెళ్లి అవే బబూన్లను వాటి సొంత నేల మీద చూశారు. అక్కడ ఒక మగదాని కుటుంబం జోలికి ఇంకోటి మామూలుగా పోదు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. 1999లో షార్లట్ హెమెల్‌రైక్ అనే శాస్త్రవేత్త అందులో ఉత్తుత్తి జీవులను తిప్పి చూశారు. నియమాలు కొన్నే: గుంపును వదలకూడదు, ఎదురైనదానితో గెలిచేలా ఉంటే తలపడాలి. గెలిచినదానికి బలం పెరుగుతుంది, ఓడినదానికి తగ్గుతుంది. పోరు తీవ్రత పెంచితే పెత్తందారీ గుంపు తయారైంది. తగ్గిస్తే దాదాపు సమానంగా బతికే గుంపు వచ్చింది. మారింది ఒక్క అంకె!

ఇది నమూనా మాత్రమే, రుజువు కాదు. కానీ గుణం పుట్టుకలో ఉందా, పరిస్థితిలో ఉందా అని అడగడం నేర్పింది.

మనల్ని కోతులతో పోల్చట్లేదు, చూసేవాళ్ల తప్పు గురించి చెప్తున్నా. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన ఎరుకల అన్నదమ్ముల మీద పుట్టు నేరస్థులన్న ముద్ర పడింది. వాళ్ల ఉప్పు వ్యాపారాన్ని రైళ్లు, సర్కారు ఉప్పు విధానం దెబ్బతీసిన సంగతి ఎవరు లెక్కలోకి తీసుకున్నారు?

మనోళ్లది "స్వభావమే అంత" అని ఎవరైనా అంటే, ముందు గుట్ట ఎవరు కట్టారో అడగండి.