విద్యాశాస్త్ర స్నాతకోత్తర పట్టము (ఎం.ఎడ్.)

బి.ఎడ్. పిమ్మట అభ్యసింపఁదగిన ఈ పట్టము, జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నాటి నిబంధనలచే ఏకవర్ష పాఠ్యక్రమముగా నుండుట మాని ద్వివర్షమయ్యెను. శ్రీకాకుళ, విజయనగర జిల్లాల ప్రభుత్వ పాఠశాలలలో స్కూలు అసిస్టెంటు పదవికి విద్యార్హతగా డిగ్రీయు బి.ఎడ్.యు చాలును, పదోన్నతికి సేవాజ్యేష్ఠతయే ముఖ్యాధారము గాన, ఎం.ఎడ్. చదివినంతమాత్రమున ప్రధానోపాధ్యాయుని కుర్చీ దక్కునని తలఁచుట భ్రమ. దాని ఫలము అన్యత్ర కలదు. వమరవల్లి డైట్ వంటి శిక్షణసంస్థలయందును, బి.ఎడ్. కళాశాలలయందును ఉపాధ్యాయులకే పాఠము చెప్పఁగోరువారికి, విషయమునందలి స్నాతకోత్తర పట్టముతోపాటు సామాన్యముగా ఇదియు నుండవలయును. అచ్చట అధ్యాపకుఁడు వెనుకబల్లపైఁ గూర్చుండి, పాఠప్రణాళికను చేతఁ బట్టుకొని, ఛాత్రోపాధ్యాయుఁ డడిగిన ప్రశ్నలలో జ్ఞాపకమును మాత్రమే పరీక్షించున వెన్నియో, ఆలోచనను రేకెత్తించున వెన్నియో గుర్తించును. ఈ దృష్టి అలవడుటయే, జీతపుఁ బెంపుకన్న, ఎం.ఎడ్. వలని అసలు లాభము.

పట్టమే పాండిత్యము కాదనుటకు ఈ సీమయే సాక్షి: 1863లో శ్రీముఖలింగ సమీపమునఁ బర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, ఇట్టి పట్టము లేకయే సవరభాష నేర్చి, సవర బాలురకు వారి భాషయందే వాచకములు రచించెను. సవరలు నివసించు సీతంపేట కొండబడులలో మాతృభాషాబోధనము నేఁటికిని పరిశోధనార్హమైన విషయమే, ఎం.ఎడ్. విద్యార్థి తప్పక సమర్పింపవలసిన లఘుసిద్ధాంతవ్యాసమునకు అంతకన్న దగ్గఱి వస్తువు ఈ సీమలో అరుదు.