గేటు దీపం, కరిగిన మిఠాయి

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గేటు దగ్గరొకటి, మెట్ల దగ్గరొకటి వైఫై దీపాలు బిగించాను. నాన్నగారు అంతకు ముందు నెలలో తెల్లారగట్ల చీకట్లో మెట్టు తప్పి పడ్డారు. లైటేసుకోండి అంటే "కరెంటు దండగ" అంటారు. అందుకే, ఐదింటికి దానంతటదే వెలిగే దీపం. తీరా చూస్తే అది నెట్‌వర్కులో చేరదే! గంటన్నర కుస్తీ. "రోజంతా కంప్యూటరు ముందే కదరా ఉంటావు" అని చురక ఒకటి.

సంగతేంటంటే, ఇలాంటి దీపాలు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలీదు. నా ఫోను 5 మీద ఉంది. రౌటరేమో రెంటికీ ఒకే పేరు తగిలించింది. పాస్‌వర్డే తెలియని దీపం మన ప్యాకెట్లని విప్పి చదవలేదు కదా, అందుకని కొన్ని ఆప్‌లు పాస్‌వర్డుని ప్యాకెట్ల పొడవుల్లో దాచి పంపుతాయి. దీపం ఆ పొడవులు కొలుచుకుంటుంది. ముచ్చటైన ఏర్పాటే.. కానీ ఫోను 5 మీద మాట్లాడుతుంటే దానికి వినబడేదెలా?

ఇంతకీ ఈ 2.4 ఎక్కణ్ణించొచ్చింది? 1945లో అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ రాడారు మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉండగా జేబులోని మిఠాయి కరిగిపోయిందట. అలా మైక్రోవేవ్ అవెన్ పుట్టింది. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సదస్సు 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల జాగాని ఇలాంటి పొయ్యిలకీ, ఫ్యాక్టరీ యంత్రాలకీ, వైద్య పరికరాలకీ వదిలేసింది. అక్కడ మాట్లాడుకోవాలనుకునేవాడు ఆ రొదని భరించాల్సిందే. (నీటి అణువులు సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే ఊగుతాయి కాబట్టి దాన్ని ఎంచుకున్నారని కాలేజీలో మాకూ చెప్పారు. తప్పు. నీళ్ళు గట్టిగా పీల్చుకునేది అంతకన్నా చాలా పైన.)

అంటే ఊరి చివర చెత్త పోసే స్థలం లాంటిదన్నమాట. 1985లో ఎఫ్‌సీసీ, అక్కడి ఇంజనీరు మైకేల్ మార్కస్ పట్టుదల వల్ల, ఆ స్థలంలో ఒక వాట్ దాకా స్ప్రెడ్ స్పెక్ట్రమ్ రేడియోలని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో 802.11, 1999లో 802.11బి. మన దేశంలో 2005 జనవరిలో గానీ 2.4కి లైసెన్సు బెడద వదల్లేదు. 2014లో షాంఘై కంపెనీ ఎస్ప్రెసిఫ్ వాళ్ళ ఈఎస్‌పీ8266 చిప్పు వచ్చాక వైఫై చవకై దీపాల్లోకీ దూరింది. దానికి వచ్చిందీ 2.4 ఒక్కటే. అయినా గోడ దాటి గేటు దాకా పోవాలంటే 5 కన్నా ఇదే నయం.

రౌటరులో 5ని కాసేపు ఆపి, డబ్ల్యూపీఏ3ని డబ్ల్యూపీఏ2కి దించాను. మెట్ల దీపం నిమిషంలో కలిసింది. గేటుది మాత్రం కలిసినట్టే కలిసి తప్పిపోయేది. చూస్తే చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఆరో ఛానెల్లోనే ఉన్నాయి. మాది ఒకటికి మార్చి, రౌటరుని ఇనప బీరువా వెనకనించి కిటికీలోకి జరిపాక కుదుటపడింది. (బీరువా వెనక పెట్టిన మహానుభావుణ్ణి నేనే లెండి.)

నాన్నగారు ఇప్పుడు నాలుగున్నరకే లేస్తున్నారని మొన్న అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కణ్ణించే టైము మార్చాను.