ఆట కళ అవుతదా? అలాస్కా ఆదివాసీలు చూపించిన జవాబు

పోస్టు కొంచెం పొడుగుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా హాస్టల్‌ల రాత్రిపూట ఫోన్‌ల ఆటలాడేటోళ్లను చూస్తే వార్డెన్ సార్ "టైం వేస్ట్" అంటరు. మనం కూడా అట్లనే అనుకుంటం. కానీ వీడియో గేమ్ కళ అవుతదా కాదా అని అమెరికాలో పెద్ద పెద్దోళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నరు. దాంట్లో మనకు పనికొచ్చే ముచ్చట ఒకటుంది.

రోజర్ ఈబర్ట్ అని పేరున్న సినిమా విమర్శకుడు. 2005లో ఆయన ఆటలను సినిమా, సాహిత్యం సరసన పెట్టలేమన్నడు. ఆయన వాదన ఏందంటే, కథ రచయిత చేతిలో ఉండాలి. ఆటలో ఆడేటోడు తన ఇష్టం వచ్చినట్టు నడిపిస్తడు, అందుకే అది కళ కాదు. 2010 ఏప్రిల్‌లో ఇంకా గట్టిగా, ఎప్పటికీ కాలేదని రాసిండు. వేలమంది ఆయన మీద పడ్డరు. జులైలో, ఆటలు ఆడకుండ ఆ మాట అనకుండ ఉండాల్సిందని ఒప్పుకున్నడు, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

2011 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, పుస్తకాలకు, నాటకాలకు, సినిమాలకు ఉన్న భావప్రకటన రక్షణే ఆటలకూ ఉందని 7-2 తేడాతో తీర్పిచ్చింది. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పాక్‌మాన్, టెట్రిస్ సహా 14 ఆటలను తన సేకరణలో చేర్చుకుంది. మ్యూజియం పెట్టుకుంటే కళ, పెట్టుకోకపోతే కాదా? ఈ లెక్క మనకు కొత్త కాదు. గోండుల గోడ బొమ్మలు ఊర్లో ఉన్నన్ని రోజులు ఎవరూ పట్టించుకోలేదు. ప్రధాన్ కుటుంబంలో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లలో భోపాల్ భారత్ భవన్‌కు వచ్చి కాగితం మీద గీసినంక, 1989లో పారిస్‌లో ప్రదర్శించినంక "కళ" అయినయి.

ఇక ఈబర్ట్ వాదనకు వస్తే, అది మన కథలనే కళ కాకుండ చేస్తది. మన దగ్గర ప్రధాన్‌లు కీక్రి పట్టుకుని గోత్రాల కథలు చెప్తరు. అవి ఏ ఒక్క రచయితవీ కావు. వినేటోళ్లు ఊ కొట్టకపోతే కథ ముందుకు పోదు, అడిగిన దగ్గర ఆగుతది. వినేటోళ్ల చేయి పడ్డంత మాత్రాన అది కళ కాకుండ పోతదా? నాకైతే ఈ ఒక్క ప్రశ్నతోనే ఆయన వాదన కూలిపోయింది.

కానీ ఆటలన్నీ మంచివని చెప్తలేను. 1982లో అటారీ 2600 కోసం 'కస్టర్స్ రివెంజ్' అని ఒక ఆట వచ్చింది. కస్టర్ అంటే 1876లో లకోటా, చెయెన్ ఆదివాసీల చేతిలో చచ్చిన సైన్యాధికారి. కట్టేసి ఉన్న ఆదివాసీ మహిళ మీద అత్యాచారం చేస్తే ఆ ఆటలో పాయింట్లు! ఆదివాసీ సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కినయి. మన గురించి బయటోళ్లు ఆట చేస్తే ఎంతవరకు పోతదో దాంతోనే తెలుస్తది.

32 ఏళ్లకు జవాబు అలాస్కా నుంచి వచ్చింది. యాంకరేజ్‌లో కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అని ఆదివాసీల సంస్థ ఉంది. ఎప్పుడూ ప్రభుత్వ గ్రాంట్ల కోసమే ఎదురుచూడకుండ సొంత ఆదాయం కావాలని, పిల్లలకు తమ కథలు అందాలని వాళ్లు గేమ్ కంపెనీ పెట్టిన్రు. పేరు 'అప్పర్ వన్'. మిగతా అమెరికాను అక్కడోళ్లు 'లోయర్ 48' అంటరు, దానికి ఇది ఎకసెక్కం. ఈ-లైన్ మీడియాతో కలిసి 2014 నవంబర్‌లో 'నెవర్ అలోన్' విడుదల చేసిన్రు. ఇనుపియాక్ భాషలో పేరు 'కిసిమా ఇంగిచ్చునా'.

కథ రాబర్ట్ నస్రుక్ క్లీవ్‌లాండ్ అనే పెద్దాయన చెప్పింది. ఆయన లేడు కాబట్టి టీమ్ వాళ్లు ఆయన బిడ్డ మిన్నీ గ్రే దగ్గరికి పోయి అనుమతి అడిగిన్రు. పాత కథలో పిలగాడు, ఆటలో నూనా అనే పిల్ల. మంచు తుఫాను ఆగదు. ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామని నక్కను తోడు తీసుకుని బయల్దేరుతది. చివరికి చూస్తే ఒక పెద్ద ఆకారం బాడిశతో మంచును చెక్కి విసురుతుంటది, అదే తుఫాను! ఆట పొడుగునా ఒక పెద్దాయన ఇనుపియాక్ భాషలోనే కథ చెప్తడు, ఇంగ్లీషు కింద అక్షరాలలో వస్తది. ముందుకు పోతుంటే 24 చిన్న వీడియోలు తెరుచుకుంటయి, వాటిలో అక్కడి మనుషులే తమ బతుకు చెప్తరు. నాకు అన్నిటికన్నా నచ్చింది, నక్క మధ్యలో చచ్చిపోయినా తోడు పోదు, ఆత్మగా మారి నడుస్తది. ఒక్కరే ఆడితే నూనాను, నక్కను మార్చుకుంటూ ఆడాలె. ఒకరిని వదిలి ఇంకొకరు ముందుకు పోలేరు. ఆ మాటను ఉపన్యాసంలో చెప్పకుండ బటన్ల మీద చేతులకే తెలిసేటట్టు చేసిన్రు. కళ అంటే ఇంతకన్నా ఏం చేస్తది?

లోపాలు లేవా అంటే, ఉన్నయి. ఆట చిన్నది, కదలికలు చిరాకు పెడతయని సమీక్షల్లో రాసిన్రు. అయినా 2015లో మొదటి ఆటలకిచ్చే బాఫ్టా అవార్డు దానికే వచ్చింది.

మన కథల్లో ఒకటి ఇట్ల చేయాలంటే, కంప్యూటర్ నేర్చినోళ్లు ఈ గ్రూపులోనే ఉన్నరు. అయితే ముందు ఎవరి ఇంటికి పోయి అనుమతి అడగాలె? మా దిక్కయితే ప్రధాన్‌ల ఇంటికే. మీ దిక్కు కథ ఎవరి దగ్గరుందో కింద రాయండి.