ముసుగు నిలబెట్టిన సినిమా

మెక్సికో కుస్తీ సినిమా ఏది చూసినా ముందుగా కంటపడేది దాని పేదరికమే. రాతిగోడ అని చూపించేది అట్టగోడ అని తెలిసిపోతుంటుంది. గబ్బిలాన్ని ఆడిస్తున్న తాడు కనబడుతుంటుంది. అయినా వెండి ముసుగు తొడుక్కున్న వస్తాదు తెర మీదికి రాగానే హాలంతా ఈలలు. 1950ల నుంచి 1970ల చివరిదాకా ఈ సినిమాలు మెక్సికోలోనూ, మిగతా లాటిన్ అమెరికా దేశాల్లోనూ ఆడాయి. చేతిలో డబ్బు లేని నిర్మాతలు అన్నేళ్లు అవే సినిమాలు తీస్తూ పోగలిగారంటే, వాళ్లకు ఆ వీలు కల్పించింది ముసుగే.

ఈ కుస్తీకి మెక్సికోలో పేరు లుచా లిబ్రె. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో పోటీలు చూసి ముచ్చటపడ్డ సాల్వదోర్ లుతెరోత్ 1933 సెప్టెంబరులో మెక్సికో నగరంలో సొంతంగా పోటీలు మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన సంస్థ పేరు మారినా ఇప్పటికీ నడుస్తోంది. మరుసటి ఏడాది సైక్లోన్ మకీ అనే అమెరికన్ వస్తాదు తనకో ముసుగు కుట్టిపెట్టమని ఆంతోనియో మార్తీనెస్ దగ్గరికి వెళ్లాడు. మార్తీనెస్ బూట్లు కుట్టే మనిషి. కాలికి కొలతలు తీసే చేత్తోనే తలకు కొలతలు తీసి, వెనకవైపు బూటు లేసులాగే బిగించుకునేలా తోలుతో కుట్టిచ్చాడు. రింగులో ఎంత లాగినా ఊడకపోవడమే దాని గొప్పతనం. క్రమంగా ముసుగు చుట్టూ ఒక కట్టుబాటు పెరిగింది. ముసుగును పణంగా ఒడ్డి ఓడినవాడు అక్కడికక్కడే దాన్ని తీసేసి, అసలు పేరు చెప్పాలి. ఆ ముసుగు మళ్లీ తొడుక్కోకూడదు.

తులాన్సింగోలో పుట్టిన రొదోల్ఫో గుస్మాన్ 1942 జులై 26న ఎల్ సాంతో పేరుతో తొలిసారి రింగులోకి దిగాడు. పదేళ్లు తిరిగేసరికి ఆటా, బొమ్మల పుస్తకమూ, సినిమా ఒక్కచోట కలిశాయి. 1952లో హోసే క్రూస్ ఫొటోలూ బొమ్మలూ అతికించి సాంతో కామిక్స్ మొదలుపెట్టాడు. ఆ నవంబరులోనే సాంతో బ్లాక్ షాడో అనే దిగ్గజం ముసుగు ఊడదీశాడు. అదే సమయంలో కుస్తీ కథలతో వరసగా సినిమాలు మొదలయ్యాయి. వాటిలో ‘ఎన్మస్కరాదో దె ప్లాతా’ సీరియల్‌కు సాంతోనే అడిగితే ఒప్పుకోలేదు. ఆ వేషం మెదికో అసెసీనో అనే మరో వస్తాదుకు దక్కింది.

ఆ తొలి విడతలో ‘ఉరకాన్ రమీరెస్’ కథ చెప్పుకోదగ్గది. హొసెలితో రొద్రీగెస్ దర్శకుడు. హీరో దావిద్ సిల్వా నటుడే తప్ప వస్తాదు కాడు. మాటలున్న చోట సిల్వా కనబడతాడు, రింగులో మాత్రం ముసుగులో అసలు వస్తాదు పట్లు పడతాడు. ఇద్దరికీ తేడా పోల్చడానికి ముఖమే లేదు కాబట్టి అతుకు కనబడదు. సినిమా ఆడాక, కథ కోసం పుట్టించిన ఆ పాత్రే నిజం గోదాలోకి దిగి దశాబ్దాలపాటు పోటీలు చేసింది. డూపును దాచడానికి ఇంకెక్కడైనా కెమెరా కోణాలు వెతుక్కోవాలి. ఇక్కడ ఒక్క గుడ్డముక్క సరిపోయింది.

సినిమాకు గిరాకీ పెరగడానికి ఇంకో కారణం టీవీ. 1950ల తొలినాళ్లలో కుస్తీ టీవీలో వచ్చి ఇంటింటికీ చేరింది. దశాబ్దం మధ్యకొచ్చేసరికి రాజధానిలో ఆ ప్రసారాలు ఆగిపోయాయి. అరేనాకు వెళ్లే వీలు లేనివాళ్లకు, చిన్న ఊళ్లవాళ్లకు ఇక సినిమా హాలే దిక్కయింది. అందుకే ఈ సినిమాల్లో కథ ఎక్కడున్నా సరే, దాన్ని ఆపేసి మరీ ఒక పూర్తి పోటీ చూపిస్తారు. కథకు అడ్డమే, కానీ టికెట్ కొన్నవాడు వచ్చింది దానికోసమే. నిర్మాతకూ లాభమే: రింగు ఒక్కటుంటే చాలు, పది నిమిషాల సినిమా తయారు.

సాంతో తొలి రెండు సినిమాలు 1958లో క్యూబాలో తీశారు. కాస్ట్రో దళాలు హవానాలోకి రావడానికి కొద్దిరోజుల ముందే చిత్రీకరణ ముగిసింది. ఆ రెండింటిలోనూ సాంతోది పక్క పాత్రే. అవి విడుదలైంది 1961లో. ఆ ఏడాది నుంచి అతను తిరుగులేని హీరో. 1962లో అల్ఫోన్సో కొరోనా బ్లేక్ తీసిన ‘సాంతో కొంత్రా లాస్ ముహెరెస్ వాంపీరో’ ఈ తరహా మొత్తానికీ మచ్చుతునక. రక్తపిశాచి స్త్రీలు పంపిన బంటు ఒకడు సాంతో ప్రత్యర్థి ముసుగు తొడుక్కుని రింగులోకి వస్తాడు. పోటీ నిజమే అనుకుని జనం అరుస్తుంటారు. సాంతో ఆ ముసుగు లాగేస్తే కింద తోడేలు ముఖం! ముసుగు కింద ఎవరున్నారో తెలియకపోవడం గోదాలో ఉన్న ఉత్కంఠే. దాన్నే దర్శకుడు పైసా అదనపు ఖర్చు లేకుండా భయంగా మార్చేశాడు.

తీసే పద్ధతినీ ముసుగే శాసించింది. ముఖం కనబడదు కనుక దగ్గరి షాట్లతో పని తక్కువ. పెదవుల కదలిక అంతగా తెలియదు కనుక గొంతు తర్వాత ఎవరైనా ఇవ్వొచ్చు. సాంతోకు చాలా సినిమాల్లో వేరేవాళ్లే గొంతిచ్చారు. దీనికి తోడు, కార్మిక సంఘాల మధ్య ఒప్పందం ప్రకారం ఎస్తూదియోస్ అమెరికా అనే స్టూడియోలో పూర్తి నిడివి సినిమాలు తీయడానికి వీల్లేదు. పొట్టి భాగాలుగా తీసి, ఒక్కోదానికి పేరు పెట్టి, చివరికి కలిపి సినిమాగా వదిలేవారు. హీరో దొరక్కపోతే కొత్త ముసుగు తయారయ్యేది. 1966లో సాంతోతో చెడి, మరో ముసుగు వస్తాదు బ్లూ డెమన్ గాయపడి ఉన్న వేళ నిర్మాత ఎన్రికే వెర్గారా మిల్ మాస్కరాస్‌ను హీరోగా తెరకెక్కించాడు. 1972లో ఈ ముగ్గురూ కలిసిన ‘లాస్ మోమియాస్ దె గ్వానహ్వాతో’ పెద్ద విజయం సాధించింది.

ఆ తర్వాత ఉరవడి తగ్గింది. అవే రాక్షసులు, అవే పోటీలు, చూసినవే మళ్లీ. యాభైకి పైగా సినిమాలు చేసిన సాంతో 1982లో రింగు విడిచాడు. 1984 ఫిబ్రవరిలో చనిపోతే ముసుగుతోనే ఖననం చేశారు.

తరహా ఆగినా ఆ పద్ధతి ఆగలేదు. హాలీవుడ్ 2006లో వాహాకా ప్రాంతంలో ‘నాచో లిబ్రె’ తీసింది. 2007లో వచ్చిన ‘మిల్ మాస్కరాస్ వర్సెస్ ద ఆజ్టెక్ మమ్మీ’ని మిస్సోరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒకరు రాసి, ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే తక్కువ డబ్బుతో తీయించారు. అసలు మిల్ మాస్కరాసే వచ్చి నటించాడు. సినిమా బయటా ముసుగు ఊడలేదు: ఫొటోగ్రాఫర్ లూర్దెస్ గ్రోబెత్ వస్తాదుల ఇళ్లకు వెళ్లి, ముసుగు తీయమనకుండానే వాళ్ల సంసారాలను చిత్రించింది. ముసుగుతోనే బిడ్డకు పాలు పడుతున్న తల్లి ఆమె ఫొటోల్లో ఉంది.

ఇప్పుడెవరైనా కొద్ది డబ్బుతో ఇలాంటి సినిమా తలపెడితే ఆ పాత నిర్మాతల లెక్క ఇంకా పనికొస్తుంది. ముసుగు ముఖానికయ్యే ఖర్చు మిగులుస్తుంది, దేహానికయ్యే ఖర్చు కాదు. తాడు మీంచి దూకే వస్తాదును తల నుంచి కాలిదాకా ఒకే షాట్‌లో, కోత లేకుండా చూపించాల్సిందే, ముక్కలు చేస్తే అది మామూలు కొట్లాట అయిపోతుంది. సెట్టు అట్టదైనా ప్రేక్షకుడు సర్దుకున్నాడు గానీ, పట్టు తెలియని వస్తాదును మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు.