గోదావరిపై బండిబాట: రాజమహేంద్రవర, కొవ్వూరుల వంతెనలు

పావగడ సీమ ఆంధ్రులకు నది యనగా ముందుగా ఉత్తర పినాకిని జ్ఞప్తికి వచ్చును. నాగలమడక యొద్ద నీరు లేని కాలమున ఇసుకపై నడచి ఆవలి గట్టు చేరవచ్చును. రాజమహేంద్రవరము నొద్ద గోదావరి యట్టిది కాదు. అచ్చట నదిని దాటు వంతెనకు సుమారు 3 కిలోమీటర్ల పొడవు కావలసివచ్చినది. తూర్పుగట్టున రాజమహేంద్రవరము, పడమటి గట్టున కొవ్వూరు. ఈ రెండు పట్టణములను కలిపిన వంతెనల చరిత్ర 1900తో ఆరంభమగును. కాని బండివాని చరిత్ర 1974తో గాని ఆరంభము కాదు.

మదరాసు, కలకత్తాలను కలుపు రైలుమార్గమునకు గోదావరి పెద్ద అడ్డంకిగా నుండెను. 1897లో వంతెన పని ప్రారంభమై 1900లో ముగిసినది. కాశీలో గంగపై వంతెన కట్టిన గ్రాన్విల్ వాల్టన్ దీనికిని ఇంజనీరు. 150 అడుగుల అంకణములు 56. మొత్తము పొడవు 9,000 అడుగులకు పైగా గలదు. నాటి మదరాసు గవర్నరు హేవలాక్ పేరు దీనికి పెట్టిరి.

ఐనను అది ఒంటి రైలుపట్టాల వంతెన మాత్రమే. మనుష్యుడు టిక్కెట్టు కొని రైలులో దాటవచ్చును. ఎడ్లబండికిని, మోటారుబస్సునకును అందు చోటు లేదు. బండితో వచ్చిన రైతు, పైన రైలు పోవుచుండగా, క్రింద రేవులో పడవకై వేచియుండవలసినదే. వరద పెరిగినచో ఆ పడవయు నిలిచిపోవును. ఈ స్థితి ఏడు దశాబ్దములకు మించి సాగినది.

1974లో రెండంతస్తుల వంతెన తెరువబడినది: క్రింద రైలు, పైన రోడ్డు. రైలుభాగము 2.8 కిలోమీటర్లు కాగా రోడ్డుభాగము 4.1 కిలోమీటర్లు. పై యంతస్తు నెక్కుటకు బాట గట్టుమీదనుండియే క్రమముగా లేవవలసియుండుట దీనికి కారణము. 1997లో కాంక్రీటు కమానుల రైలువంతెన రాగా, తొంబదియేడేండ్లు సేవచేసిన హేవలాక్ వంతెనకు విశ్రాంతి లభించినది. 2015లో, పుష్కరముల సంవత్సరమున, రోడ్డుకొరకే నిర్మించిన నాలుగవ వంతెన తెరువబడినది.

మొదటి వంతెన సామ్రాజ్యపు రైలుమార్గమునకై పుట్టినది. ఇరుగట్టుల పల్లెల రాకపోకలు దాని లెక్కలోనికి రాలేదు. కావున గోదావరికి వంతెన యెప్పుడు వచ్చినదని బాలురడిగినచో 1900 అని మాత్రమే చెప్పుట చాలదు. రైలుకు 1900, బండికి 1974 అని రెండు సంవత్సరములను జెప్పవలెను. ఆ రెంటి నడుమ రేవులలో వేచిన జనమును గూడ చరిత్రలో జేర్పవలెను.