నడుమన ఏమున్నది?

2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్‌లో డెలానీపూర్ ఒక పేట. బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ మాట్లాడే వలస కుటుంబాలతో నిండిన ఈ పట్టణపు నేల ఒకప్పుడు అకా-బియా తెగది. ఆ భాష నేడు మాట్లాడేవారు లేరు.

1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం తిరుగుబాటు ఖైదీలను తెచ్చి ఇక్కడ శిక్షాశిబిరం నెలకొల్పింది. 1906లో సెల్యులార్ జైలు పూర్తయింది. నడుమన కావలి బురుజు, దాని నుండి చీలిన ఏడు విభాగాలు. ఒక విభాగంలోని గదులు మరొక విభాగపు వీపును చూస్తాయి. కావలివాడు అందరినీ గమనించగలడు, ఖైదీ మాత్రం తోటి ఖైదీ ముఖమైనా చూడలేడు.

సరిగ్గా ఆ ఏడాదే మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ దీవులకు వచ్చాడు. 1908 వరకు సాగిన ఆయన పరిశీలన 1922లో గ్రంథంగా వెలువడింది. గ్రేట్ అండమానీల పల్లెలోనూ నడుమన ఒక స్థలముండేది. చుట్టూ గుడిసెలు, మధ్యలో నాట్యానికి వదిలిన ఖాళీ నేల. ఒకరు పలకను పాదంతో మోగిస్తూ పాట ఎత్తుకుంటే పురుషులు ఆడేవారు, స్త్రీలు తొడలపై చరుస్తూ వంత పాడేవారు. ఊరికే కూర్చుని చూసేవారు దాదాపు ఉండరు. వ్యక్తి తన బలాన్ని సమూహపు లయకు అప్పగించి, సమూహపు బలాన్ని తనలో అనుభవించడమే ఈ నాట్యపు పని అని ఆయన వాదించాడు.

ఉత్తర అండమాన్‌లో సంధి కూడా నాట్యంతోనే కుదిరేది. ఒక పక్షం కదలక నిలబడేది. పగబట్టిన పక్షం బెదిరిస్తూ ఆడుతూ వచ్చి ఒక్కొక్కరినీ భుజాలు పట్టి కుదిపేది. తరువాత స్త్రీలూ అలాగే చేసేవారు. చివరకు ఇరుపక్షాలూ కలిసి విలపించి, ఆయుధాలు మార్చుకునేవి. న్యాయమూర్తీ, పోలీసూ లేని చోట కోపాన్ని అందరి ఎదుట వెళ్లగక్కి, అందరి ఎదుటే చల్లార్చిన ఏర్పాటిది.

ఆ సామరస్యాన్ని వర్ణించిన గ్రంథపు సిద్ధాంతంలో దాన్ని ధ్వంసం చేస్తున్న పాలనకు తగిన చోటు దక్కలేదు. వలస పాలన వెంట వచ్చిన వ్యాధులు ఆ ప్రజలను తుడిచిపెట్టాయి. 1901 జనగణనలో 625 మంది, 1961లో 19 మంది. నాట్యం తనవారిని కలపగలిగింది, సామ్రాజ్యాన్ని ఆపలేకపోయింది.

అయితే బురుజు కూడా పూర్తిగా గెలవలేదు. విడివిడి గదుల్లోని ఖైదీలు 1937 జూలైలో ఒక్కటై నిరాహారదీక్షకు దిగారు. 1938 ఆరంభానికల్లా రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తరలించక తప్పలేదు.

నేటి అధికారిక వేడుకల్లో ఆదివాసీ నాట్యం వేదిక ముందు సాగుతుంది, ప్రముఖులు కుర్చీల్లో కూర్చుని చూస్తారు. బతుకమ్మ చుట్టూ తిరిగే తెలుగు స్త్రీలకు ఈ తేడా వివరించనక్కరలేదు. వారి వలయంలో నడుమన ఉన్నవి పూలు. అక్కడికి కుర్చీ వచ్చిననాడు ఆడేవారు ప్రదర్శకులవుతారు, పౌరులు ప్రేక్షకులవుతారు.