అరవై సెకన్లు

హైదరాబాద్, వనస్థలిపురం. 2003 ఆగస్టు 12, మంగళవారం. రాఖీ పున్నమి.

సాయంత్రం నుంచీ ఒకటే వాన. మేడమీది వాటాలో కిటికీ రెక్కలు మూసినా చూరునీళ్లు సన్‌షేడ్ మీద దబదబా కొడుతున్నాయి. ముందుగది మూలన కంప్యూటర్. దాని ముందు ఇంటర్ రెండో ఏడు చదివే తమ్ముడు. చేతికి పొద్దున అక్క కట్టిన రాఖీ ఇంకా ఉంది. మోడెం కీచుమంది, గరగరలాడింది, చప్పున నోరు మూసింది. డయలప్ కలిసింది. మెయిల్ పేజీ సగం దిగింది. అంతలో తెర మధ్యలో బూడిదరంగు పెట్టె ఒకటి ఊడిపడింది.

సిస్టం షట్‌డౌన్ అవుతోందట. చేస్తున్న పని సేవ్ చేసుకోవాలట. రిమోట్ ప్రొసీజర్ కాల్ సర్వీసు ఉన్నట్టుండి ఆగిపోయిందట. అడుగున గడియారం. 59. 58. 57.

"అక్కా! ఇటు రా, తొందరగా!"

అక్క చపాతీ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పెట్టెను మూయబోయింది. మూతపడలేదు. పక్కకి లాగింది. జరిగింది గానీ గడియారం ఆగలేదు. సున్నా దగ్గర తెర నల్లబడింది. దానంతటదే మళ్లీ లేచింది. విండోస్ పాట పాడింది. మళ్లీ నెట్ కలిపారు. కాసేపటికి అదే పెట్టె, అదే గడియారం. మూడోసారి పడక్కుర్చీలోంచి నాన్న లేచాడు.

"ఏం చూశావురా దాంట్లో?"

"ఏం చూళ్లేదు నాన్నా. మెయిల్ ఒక్కటే."

"మెయిల్ చూస్తే పాడవుతుందా?"

ఆ ప్రశ్న ఆయనొక్కడిది కాదు. అంతకు మూడేళ్ల ముందు, 2000 మేలో, ప్రేమలేఖ వేషంలో వచ్చిన ఐలవ్‌యూ వైరస్ మెయిళ్ల మీద తిరిగి దేశదేశాల కంప్యూటర్లను కాటేసింది. అప్పట్నుంచీ అందరికీ ఒకటే లెక్క. ఎవరో తెరవకూడనిది తెరిస్తేనో, ఎక్కడిదో ఫ్లాపీ తెచ్చి పెడితేనో, చూడకూడని సైటు చూస్తేనో వైరస్ వస్తుంది. అంటే తప్పు చేసినవాడు ఇంట్లోనే ఉంటాడు. ఈ ఇంట్లో రాత్రి పూట కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక్కడే.

ఆ రాత్రి వాడు అన్నం దగ్గరికి రాలేదు.

కంప్యూటర్ ఆఫీసులో అప్పు పెట్టి కొన్నది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ కంప్యూటర్ షాపుల్లో నాన్న దగ్గరుండి అసెంబుల్ చేయించాడు. అక్క ఎంసీఏ ప్రాజెక్టు రిపోర్టు మొత్తం అందులోనే ఉంది. వారంలో ఇచ్చెయ్యాలి. ఆమె యాంటీవైరస్ నడిపింది. బార్ మెల్లగా పాకుతూ చివరికి చేరింది. వైరస్ ఏదీ లేదు అంది. అప్‌డేట్ చేసి నెలలు దాటిన యాంటీవైరస్ అది, నిన్న పుట్టినదాన్ని ఎలా గుర్తుపడుతుంది? ఎందుకైనా మంచిదని ఫోన్ వైరు పీకేసి, అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని, ఒక్కో అధ్యాయాన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కిస్తూ, ఎక్కించినవాటిని మళ్లీ తెరిచి సరిచూసుకుంటూ, కరెంటు పోకూడదని వీధి దీపాన్ని చూస్తూ గడిపింది. అంతసేపట్లో కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

పడుకున్నాక ఆ సంగతి తట్టింది. ఒక్కసారి కూడా ఆగలేదెందుకు?

బుధవారం మధ్యాహ్నం హార్డ్‌వేర్ కుర్రాడు వచ్చాడు. తడిసిన చెప్పులు గుమ్మంలో విడిచాడు. గడియారం కథ విన్నాడు. సీడీల సంచీ విప్పాడు.

"ఫార్మాట్ కొట్టాలి మేడమ్."

"వైరు తీసేస్తే బాగానే ఉంటోంది. నెట్ కలిపినప్పుడే ఇలా..."

"వైరస్ లోపల కూర్చుంది మేడమ్. ఫార్మాట్ కొడితే అంతా పోతుంది."

కొట్టాడు. అంతా పోయింది. పాటలు, అమ్మ ఫొటోలు, అన్నీ. సాయంత్రానికి కొత్త ఎక్స్‌పీ లేచి నిలబడింది, తెర మీద పచ్చని గడ్డి మైదానం, పైన నీలం ఆకాశం. కుర్రాడు డబ్బులు తీసుకుని మెట్లు దిగాడు. తమ్ముడు ఇంకా కాలేజీ నుంచి రాలేదు. ప్రాజెక్టు గైడ్ మెయిల్ పెట్టారేమోనని అక్క నెట్ కలిపింది. మోడెం కీచుమంది. వాన కొంచెం తెరిపిచ్చింది. నాన్న వెనక నిలబడి చూస్తున్నాడు.

పెట్టె ఊడిపడింది. 59.

ఇద్దరూ మాట్లాడలేదు. ఈసారి నిందించడానికి ఇంట్లో ఎవరూ లేరు.

అక్క మౌస్ లాగి డిస్కనెక్ట్ నొక్కింది. 41. లైను ఖాళీ అయిందో లేదో, ఫోన్ మోగింది. నాన్న ఎత్తాడు.

"బాబాయ్! ఇందాకట్నుంచీ ఎంగేజ్! చెల్లి ఉందా?" మాదాపూర్ నుంచి పెదనాన్నగారబ్బాయి. ఓ కంపెనీలో సిస్టమ్స్ చూస్తాడు. రాత్రి పెద్దమ్మ చెప్పిందట, మీ కంప్యూటర్ కూడా ఆగిపోతోందని. అక్క రిసీవర్ లాక్కుంది.

"అన్నయ్యా, ఇప్పుడే వచ్చింది. 30 ఉంది."

"స్టార్ట్ నొక్కు. రన్. కొట్టు: షట్‌డౌన్. స్పేస్. మైనస్. ఎ."

వేలు జారింది. తప్పు పడింది. చెరిపింది. 17. మళ్లీ కొట్టింది. 12.

"ఎంటర్ కొట్టు!"

పెట్టె మాయమైంది.

"ఆగింది," అంది. గొంతు వణికింది.

"ఇప్పుడు కంట్రోల్, ఆల్ట్, డిలీట్. ప్రాసెసెస్ చూడు. ఎం అక్షరం దగ్గర ఏముంది?"

ఆమె వేలితో తెర మీద ఒక్కో పేరూ దిగుతూ వచ్చింది. ఆగింది.

"ఎంఎస్‌బ్లాస్ట్ డాట్ ఈఎక్స్ఈ."

అవతల నిట్టూర్పు. "అదే. నిన్నట్నుంచీ మా ఆఫీసులో దీన్నే ఏరుతున్నాం."

"ఫార్మాట్ కొట్టి రెండు గంటలైనా కాలేదు. ఎలా వచ్చింది? ఎవరం ఏమీ తెరవలేదు."

"ఎవరూ ఏమీ తెరవక్కర్లేదే. నెట్ కలిస్తే చాలు."

నాన్న మంచం అంచున కూర్చున్నాడు.

అది వైరస్ కాదు, వార్మ్. పేరు బ్లాస్టర్. ఆగస్టు 11న బయటపడింది. బరువు 6,176 బైట్లు. నెట్‌కి కలిసిన ప్రతి విండోస్ కంప్యూటర్‌కీ నంబర్లు వేసిన తలుపులుంటాయి. 135వ తలుపు వెనక ఉండేదే ఆ రిమోట్ ప్రొసీజర్ కాల్ సర్వీసు. అందులో లోపం ఉందని పోలండ్‌కి చెందిన పరిశోధకుల బృందం ఒకటి కనిపెట్టి చెప్పింది, జులై 16న మైక్రోసాఫ్ట్ మరమ్మతు ప్యాచ్ విడుదల చేసింది, కానీ డయలప్ మీద నిమిషాలు లెక్కపెట్టుకుని నెట్ వాడే ఇళ్లలో ఆ ప్యాచ్ గురించి చెప్పేవాళ్లూ లేరు, దించుకునేవాళ్లూ లేరు. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది. ఎవరైనా వెతికి టిక్ పెడితే తప్ప పని చెయ్యదు. అది తనంతట తాను ఆన్ అయి ఉండటానికి మరో ఏడాది, 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 రావాల్సి వచ్చింది.

మరి ఆ గడియారం? వార్మ్ పెట్టింది కాదు. అవతలిది ఎక్స్‌పీయో, విండోస్ 2000నో బ్లాస్టర్‌కి తెలియదు. ఊహించి దూకుతుంది. ఊహ తప్పితే సర్వీసు కుప్పకూలుతుంది. అది లేకుండా నడవలేని ఎక్స్‌పీ నిమిషం గడువిచ్చి తనను తాను మూసుకుంటుంది. ఇంటింటా జనాన్ని హడలెత్తించిన ఆ అరవై సెకన్లు దొంగ అడుగుల చప్పుడు కాదు, దెబ్బతిన్న యంత్రం పెట్టిన కేక.

"ఫోన్ పెట్టేసే ముందు మొత్తం రాసుకో," అన్నాడు అన్నయ్య. "నెట్ కలిపితే నేను నీకు దొరకను."

ఒక్కటే లైను. అక్క ప్రాజెక్టు కాగితం వెనక రాసుకుంది. వైరు పీకి ఒకసారి రీస్టార్ట్. టాస్క్ మేనేజర్‌లో ఎంఎస్‌బ్లాస్ట్‌ని ఆపడం. సిస్టం32 ఫోల్డర్‌లో ఫైలు చెరపడం. రిజిస్ట్రీలో రన్ కింద 'విండోస్ ఆటో అప్‌డేట్' అని మంచి పేరు పెట్టుకుని నక్కిన దాని పద్దు తీసెయ్యడం. డయలప్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఫైర్‌వాల్ టిక్. అప్పుడు నెట్.

"16వ తేదీ లోపు చెయ్యి. ఆ రోజు ఇవన్నీ కలిసి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ సైటు మీద పడేలా రాశాడెవడో. మీదీ అందులో ఒకటి కాకూడదు."

ఫోన్ పెట్టేసింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పుస్తకాల సంచీ తడిసి, ఎప్పుడొచ్చాడో.

"రారా," అంది. "నేను చదువుతా, నువ్వు చెయ్యి."

వాడు నాన్న వైపు చూశాడు. నాన్న కుర్చీ జరిపాడు.

ఆపాడు. చెరిపాడు. రిజిస్ట్రీలో పద్దు దొరికింది, తీసేశాడు. టిక్ పెట్టాడు. మోడెం వైరు గుచ్చాడు. కీచు, గరగర, నిశ్శబ్దం. ముగ్గురూ తెర మధ్యనే చూస్తున్నారు. నిమిషం. రెండు. ఐదు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి ఏమైందని సైగ చేసింది. ఎవరూ పలకలేదు.

పెట్టె రాలేదు.

ప్యాచ్ ఒక మెగాబైటు దాటి ఉంది. పది శాతం. ముప్ఫై. అరవై దగ్గర ఆగినట్టే ఆగి మళ్లీ కదిలింది. నూరు. ఎక్కించారు. మళ్లీ లేపారు. మళ్లీ కలిపారు. నిలబడింది.

"ఫ్లాపీలో పడుతుంది," అన్నాడు తమ్ముడు, సైజు చూసి. ఖాళీ ఫ్లాపీ తీసి ఎక్కిస్తుండగా తలుపు తట్టిన చప్పుడు. కింది వాటావాళ్లబ్బాయి. పదో తరగతి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, మా కంప్యూటర్ నిమిషం నిమిషం ఆగిపోతోంది. నేనేం చెయ్యలేదంటే డాడీ నమ్మట్లేదు."

తమ్ముడు ఫ్లాపీ బయటికి తీశాడు. నాన్న అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"వీడు కంప్యూటర్ చూస్తాడు," అన్నాడు ఆ పిల్లాడితో. "పద, మీ నాన్నతో నేను మాట్లాడతా."